కొత్త వాడుకరికి రాసే నాలుగు వాక్యాలు

(విజయవాడలో తెలుగు వికీపీడియా రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ సమావేశానికి వచ్చినవారిలో చాలామంది తెలుగు వికీపీడియాలో కొన్నేళ్లుగా రాస్తున్నవారే కాబట్టి, వ్యాసం ఎలా మొదలుపెట్టాలి, మూలం ఎలా ఇవ్వాలి అన్న విషయాల జోలికి నేను వెళ్లడం లేదు. కొత్తగా వచ్చిన వ్యక్తి రాసిన మొదటి వ్యాసాన్ని చదివి, ఆ వ్యక్తికి మనం రాసే సూచన ఎలా ఉండాలన్నదే నాకు అప్పగించిన అంశం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. నేను చేసిన ఒక పొరపాటు వల్ల ఇది ఎంత పెద్ద విషయమో నాకు అర్థమైంది కాబట్టి, ఆ పొరపాటుతోనే మొదలుపెడతాను.

నాలుగేళ్ల కిందట గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక కొత్త వాడుకరి తన తాతగారి మీద వ్యాసం రాశారు. 1921-22 సంవత్సరాలలో పెదనందిపాడు ఫిర్కాలో, అంటే ఆ పేరుతో ఉన్న కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగంలో, జరిగిన పన్నుల నిరాకరణ ఉద్యమంలో ఆ తాతగారు పాల్గొన్నారు. ఆ ఉద్యమం గురించి మీకు తెలిసే ఉంటుంది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టకుండా నిలబడ్డారు, గ్రామోద్యోగులు రాజీనామాలు చేశారు, శాంతిసేన ఏర్పడింది, ప్రభుత్వం ఎంత ఒత్తిడి తెచ్చినా ఊళ్లు లొంగలేదు. చివరికి చౌరీచౌరా సంఘటన తరువాత 1922 ఫిబ్రవరిలో గాంధీజీ శాసనోల్లంఘనను నిలిపివేయడంతో అది ముగిసింది. ఆ కొత్త వాడుకరి పదకొండు పేరాలు రాశారు. తాతగారి ఊరు, ఆ ఊళ్లో శిస్తు వసూలుకు వచ్చినవారికి ఎదురైన పరిస్థితి, జప్తు చేసిన పశువుల వేలంలో పాడుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోవడం, జైలు నుంచి వచ్చాక తాతగారు నడిపిన చిన్న బడి, అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క మూలం కూడా లేదు. ప్రతి పేరా చివర "ఆయన త్యాగం చిరస్మరణీయం" వంటి వాక్యం ఒకటి ఉంది.

నేను ఆ పేజీ పైన రెండు నోటీసులు పెట్టాను. ఒకటి మూలాలు లేవన్నది. రెండోది విషయ ప్రాముఖ్యత లేదన్నది. ఆ వెంటనే తొలగింపుకు ప్రతిపాదించాను. ఈ మొత్తం పనికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మన నియమాల ప్రకారం చూస్తే అందులో తప్పేమీ లేదు. మూడో రోజున ఆయన తన చర్చ పేజీలో, అంటే ఇతరులు ఆయనకు సందేశాలు రాసే పేజీలో, ఒకే ఒక వాక్యం రాశారు: "మా తాతగారికి ప్రాముఖ్యత లేదని చెప్పడానికి మీరెవరు?" నేను దానికి జవాబుగా విధానం పేజీకి లింకు ఇచ్చాను. గడువు ముగిశాక వ్యాసం తొలగిపోయింది. ఆయన మళ్లీ రాలేదు.

చాలాకాలం పాటు ఆయన కోపిష్టి అనే అనుకున్నాను. ఒకరోజు అదే మూసను, అంటే ముందే రాసి ఉంచిన ఆ నోటీసును, మరో పేజీలో పెట్టబోతూ, దాన్ని మొదటిసారి చూస్తున్న మనిషిలా చదివి చూశాను. "విషయ ప్రాముఖ్యత" అన్నది మనకు ఒక పారిభాషిక పదం. ఒక విషయం గురించి, ఆ విషయంతో సంబంధం లేని నమ్మదగిన ప్రచురణలు తగినంత వివరంగా రాశాయా లేదా అన్నదే దాని అర్థం. అందులో మనిషి గొప్పతనం మీద తీర్పు లేదు. కానీ తెలుగులో "ప్రాముఖ్యత లేదు" అంటే "ముఖ్యం కాదు" అనే అర్థం. జైలుకు వెళ్లిన తాతగారి గురించి రాసిన మనవడికి మనం చెప్పింది, ఆయన చదివిన తెలుగులో, మీ తాత ముఖ్యుడు కాడని. ఆయన అడిగిన ప్రశ్న ఆ తెలుగుకు తగిన ప్రశ్నే. నేను జవాబు చెప్పిన పద్ధతే తగనిది.

ఈ సంగతి మనం జాగ్రత్తగా ఆలోచించాలి. ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేయడం వల్ల మన మాటలు కొన్ని మనకే అర్థమయ్యేలా తయారయ్యాయి. వాటిలో కొన్ని చక్కని మాటలు ఉన్నాయి. చిన్న వ్యాసాన్ని "మొలక" అంటాం. ఆ మాట వినగానే అది పెరుగుతుందని, నీళ్లు పోయాలని ఎవరికైనా తోస్తుంది. అందరూ కూర్చుని మాట్లాడుకునే చోటును "రచ్చబండ" అంటాం. ఆ మాట ఎవరికీ వివరించవలసిన పని లేదు. మరి కొన్ని మాటలు అలా లేవు. మార్పును వెనక్కి తీసుకోవడాన్ని మనలో మనం "తిరగ్గొట్టడం" అంటాం. రోజుకు పదిసార్లు వాడే మాట కాబట్టి అందులోని "కొట్టడం" మనకు వినిపించదు, కానీ నిన్న చేరిన మనిషికి వినిపిస్తుంది. "మౌలిక పరిశోధన నిషిద్ధం" అన్నది మరో ఉదాహరణ. ఎక్కడా అచ్చుకాని సొంత పరిశోధనను వ్యాసంలో పెట్టకూడదన్నదే దాని అర్థం. పరిశోధన అంటే మెచ్చుకోవలసిన పని అని చిన్నప్పటి నుంచీ విన్నవారికి అది నిషిద్ధమని చెప్తే, వెంటనే కలిగేది అయోమయమే. ఆ పదాలను మార్చాలా వద్దా అన్నది రచ్చబండలో తేల్చుకోవలసిన విషయం. కొత్త వ్యక్తికి రాసేటప్పుడు మాత్రం ఆ పదాన్ని పక్కన పెట్టి, దాని అర్థాన్ని మామూలు వాక్యంలో చెప్పడం ఇప్పుడే, ఎవరి అనుమతీ అక్కరలేకుండా మనం చేయగలిగిన పని.

ఇంకొక సంగతి. మన పని బహిరంగంగా జరుగుతుంది. అచ్చయిన విజ్ఞాన సర్వస్వాలకు, దీనికి అసలు తేడా అక్కడే ఉంది. ఇక్కడికి దగ్గరలోని పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టి, "అ" అక్షరపు సంపుటాలు తెచ్చేసరికే 1923లో కన్నుమూశారు. అటువంటి అచ్చు గ్రంథంలో రచయిత రాసిన ప్రతిని సంపాదకుడు ముందే చదువుతాడు, దిద్దుతాడు, అవసరమైతే తిప్పి పంపుతాడు. ఆ దిద్దుబాట్లు వారిద్దరి మధ్యే ఉండిపోతాయి, పాఠకుడి చేతికి వచ్చేది శుభ్రమైన ప్రతి. మన దగ్గర రాసిన మరుక్షణమే ప్రచురణ, దిద్దడం ఆ తరువాత, అది కూడా అందరి కళ్లముందు. బడిలో పిల్లవాడి నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో దిద్దినది ఆ పిల్లవాడు, మహా అయితే ఇంట్లోవాళ్లు చూస్తారు. మనం పెట్టే నోటీసు వ్యాసం నెత్తిన కూర్చుంటుంది, తన వ్యాసం వచ్చిందని ఆయన ఫోన్‌లో చూపించిన బంధువులందరూ దాన్నే ముందు చదువుతారు. చర్చ పేజీలో రాసిన మాటను తరువాత తీసేసినా పేజీ చరిత్రలో అలాగే ఉంటుంది. నలుగురిలో అన్న మాటకు, చాటుగా అన్న మాటకు ఉన్న తేడా మన ఊళ్లలో అందరికీ తెలుసు. మనం అన్నీ నలుగురిలోనే అంటున్నామని మనకు గుర్తుండాలి.

ఇది తెలుగువారి సమస్య మాత్రమే కాదు. ఆంగ్ల వికీపీడియాలో 2007 తరువాత చురుకైన రచయితల సంఖ్య ఎందుకు తగ్గుతూ వచ్చిందో తెలుసుకోవడానికి ఆరన్ హాఫేకర్, మరి ముగ్గురు పరిశోధకులు చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. కొత్తగా వస్తున్నవారిలో మంచి ఉద్దేశంతో వచ్చేవారి నిష్పత్తి తగ్గలేదని, వారి తొలి మార్పులను వెనక్కి తీసుకోవడం మాత్రం పెరిగిందని, అందులో చాలా భాగం పనిని వేగంగా చేసిపెట్టే పరికరాలతో జరుగుతోందని, అలా తిరస్కారానికి గురైనవారు మళ్లీ రావడం తగ్గిందని వారు చూపించారు. అక్కడ 2012లోనే కొత్తవారు నిస్సంకోచంగా ప్రశ్నలు అడగడానికి "టీహౌస్" అనే చోటును ఏర్పాటు చేశారు. వారికి రచయితలు తగ్గినా వేలల్లో మిగులుతారు. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో క్రమం తప్పకుండా రాసేవారు ఎంతమందో "ఇటీవలి మార్పులు" పేజీని ఒక్క వారం గమనిస్తే తెలుస్తుంది. ఆ పేర్లలో చాలావాటిని ఈ గదిలో ఉన్నవారు వేళ్ల మీద చెప్పగలరు. మనకు ఒక మనిషి వెళ్లిపోతే ఒక మండలమే వెళ్లిపోయినట్టు. పెదనందిపాడు ఫిర్కాలో ఏ ఊరు ఏం చేసిందో ఇంట్లో విని పెరిగిన మనిషి మళ్లీ మన దగ్గరికి ఎప్పుడు వస్తాడు?

కాబట్టి సూచన ఎలా ఉండాలి అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: సూచన వాక్యం గురించి ఉండాలి, మనిషి గురించి కాదు, నియమం గురించి కూడా కాదు. నియమం పేరు చెప్తే చాలదు, ఆ నియమం ఏ వాక్యానికి తగులుతోందో ఆ వాక్యాన్ని చూపించాలి. చూపించిన తరువాత, ఆ మనిషి ఈ సాయంత్రమే చేయగలిగిన పని ఒకటి చెప్పాలి.

నిరుడు జరిగిన సంగతి ఒకటి చెప్తాను. కొండపల్లి దగ్గరి ఒక ఊరి విద్యార్థిని బొమ్మల తయారీ మీద రాసింది. తెల్లపొణికి కర్రను ఎలా ఎండబెడతారో, విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఎలా అతుకుతారో చాలా వివరంగా రాసింది. ఎందుకంటే ఆ అమ్మాయి అది చూస్తూ పెరిగింది. ఒక చోట "తెల్లపొణికి కర్ర ఇప్పుడు దొరకడం కష్టమైందని మా పెదనాన్న చెప్పారు" అని ఉంది. ఒక దినపత్రిక ఫొటోను తీసి పెట్టింది. మన మూసల ప్రకారం ఆ పేజీకి నాలుగు నోటీసులు తగులుతాయి. ఒక్కటి కూడా పెట్టకుండా ఆమె చర్చ పేజీలో నేను ఇలా రాశాను:

"మీ వ్యాసం మొత్తం చదివాను. మక్కు తయారు చేసే పద్ధతిని మీరు రాసినంత వివరంగా మన పాత వ్యాసంలో ఎవరూ రాయలేదు, అది అందులో తప్పక ఉండాలి. మూడో పేరాలో 'మా పెదనాన్న చెప్పారు' అన్న వాక్యం ఉంది. ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది, కానీ వ్యాసం చదివేవారు ఆయన్ను అడిగి సరిచూసుకోలేరు కదా, అందుకని అదే విషయం అచ్చులో ఎక్కడ ఉందో మనం చూపించాలి. కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. దాని కోసం సమర్పించిన దరఖాస్తులో కర్ర గురించి, తయారీ గురించి వివరాలు ఉంటాయి. 1961 జనాభా లెక్కల సందర్భంగా ఆంధ్రప్రదేశ్‌లోని చేతివృత్తుల మీద ప్రత్యేక సంపుటాలు వెలువడ్డాయి, పెద్ద గ్రంథాలయంలో వాటిని కూడా అడిగి చూడండి. పత్రికలోని ఫొటో హక్కులు ఆ పత్రికవి కాబట్టి దాన్ని మాత్రం ఈ రోజే తీసేస్తున్నాను. మీ ఊళ్లో పని జరుగుతున్నప్పుడు, పనిచేసేవారి అనుమతితో మీ ఫోన్‌తో తీసిన ఫొటో దానికంటే బాగుంటుంది. వికీపీడియా ఫొటోలు ఉంచే కామన్స్‌లో ఎక్కించేటప్పుడు సందేహం వస్తే ఇక్కడే అడగండి."

ఇది రాయడానికి నాకు పావుగంట పట్టింది. అందులో ఎక్కువ సమయం వ్యాసం చదవడానికే పోయింది. మూస పెట్టేటప్పుడు మనం వ్యాసం చదవం, కింద మూలాలు ఉన్నాయో లేవో మాత్రం చూస్తాం. చదవని వ్యాసం గురించి సూచన రాయడం సాధ్యం కాదు, అందుకే అక్కడ నియమం పేరు రాసి ఊరుకుంటాం. ఆ అమ్మాయి మూడు రోజులకు నాలుగు ఫొటోలు ఎక్కించింది. పెదనాన్న వాక్యాన్ని తనే తీసేసి, ఒక పత్రికా కథనం మూలంగా ఇస్తూ మళ్లీ రాసింది. నేను పేర్కొన్న సంపుటాలు ఆమెకు దొరకలేదు, ఫరవాలేదు.

మెచ్చుకోలు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. "చాలా బాగా రాశారు, అయితే..." అని మొదలుపెట్టే సూచనలు మనం చాలా రాస్తాం. చదివేవారికి ఆ "అయితే" ముందే వినిపిస్తుంది కాబట్టి ముందున్న మెప్పుకు విలువ ఉండదు. మక్కు గురించి ఎవరూ ఇంత వివరంగా రాయలేదని చెప్పినప్పుడు అది మెప్పు మాత్రమే కాదు, సమాచారం కూడా. తన దగ్గర ఉన్నది ఏమిటో, మన దగ్గర లేనిది ఏమిటో ఆ మనిషికి తెలుస్తుంది. అటువంటిది చెప్పడానికి ఏమీ కనిపించకపోతే మెచ్చుకోకపోవడమే మర్యాద.

భాష గురించిన సూచనలు ఇంకా సున్నితమైనవి. ఎందుకంటే నీ తెలుగు బాగాలేదన్న మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఆంగ్ల వ్యాసాన్ని యంత్రానువాదంతో తెచ్చినవారికి మనం "కృత్రిమ భాష" అని రాసి ఊరుకుంటాం. దానికి బదులు వారి వ్యాసం నుంచి రెండు వాక్యాలు తీసి, పక్కన మన వాక్యాలు పెట్టి చూపిస్తే చాలు. ప్రకాశం బ్యారేజీ మీద ఒకరు "పాత ఆనకట్ట 1855లో పూర్తి చేయబడింది, 1952లో వరద ద్వారా గండి పడబడింది" అని రాశారు. "పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, 1952లో వరదకు గండి పడింది" అని పక్కన రాసి, బిగ్గరగా రెండూ చదివి చూడమన్నాను. కొత్త బ్యారేజీ గురించిన పేరాను నేను ముట్టుకోలేదు. "1957 నాటికి నిర్మించబడింది" అన్నదాన్ని ఆయనే "1957లో పూర్తయింది" అని దిద్దుకున్నారు. మొత్తం వ్యాసాన్ని నేనే దిద్ది ఉంటే వ్యాసం బాగుపడేది, ఆయన తరువాతి వ్యాసం మాత్రం మొదటిదానిలాగే ఉండేది.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా ముఖ్యమే. కొత్తవారు వ్యాసాన్ని ఒకేసారి రాయరు. రెండు పేరాలు రాసి భద్రపరుస్తారు, మూడోది రాయబోతారు. ఈలోగా మనం నోటీసు పెడితే, వారి మార్పుకు, మన మార్పుకు ఘర్షణ వచ్చి వారు టైపు చేసింది పోయే ప్రమాదం ఉంది. తమ మొదటి అనుభవమే అదైతే ఎవరైనా కంప్యూటర్ మూసేసి వెళ్లిపోతారు. కనీసం ఒక రోజు ఆగడం వల్ల విజ్ఞాన సర్వస్వానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

ఆగకూడని సందర్భాలు రెండే ఉన్నాయి. బతికున్న మనిషి గురించి ఆధారం లేని ఆరోపణ కనిపిస్తే వెంటనే తీసేయాలి. వేరొకరి రచనను యథాతథంగా తెచ్చి పెడితే అదీ వెంటనే తీసేయాలి. ఎందుకంటే మన పాఠ్యమంతా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఎవరైనా తిరిగి వాడుకునేలా ఉంటుంది, మనది కానిదాన్ని అలా పంచే హక్కు మనకు లేదు. తీసేసిన చోట కూడా, మార్పు ఎందుకు చేశామో రాసే దిద్దుబాటు సారాంశంలో ఒక వాక్యం రాయవచ్చు: సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, వారి వాక్యాలను వాడుకోకూడదు, అదే సంగతిని మీ మాటల్లో రాయండి. ఈ తేడా తెలియక పత్రిక నుంచి ఎత్తి రాసినవారిని దొంగలుగా చూడడం అన్యాయం. వారిలో చాలామంది, అచ్చులో ఉన్నదాన్ని మార్చితే తప్పవుతుందేమోనన్న గౌరవంతోనే అలా చేస్తారు.

ఇక అన్నిటికంటే కష్టమైన సూచన, ఈ వ్యాసం ఉండదు అని చెప్పడం. మొదట చెప్పిన తాతగారి వ్యాసం దగ్గరికే మళ్లీ వస్తున్నాను. ఈ రోజు ఆ వ్యాసం నాకు కనిపించినా, దాన్ని ప్రత్యేక వ్యాసంగా ఉంచమని నేను వాదించను. కొత్తవారిని నొప్పించకూడదని నియమాన్ని సడలిస్తే, మూలం లేని ప్రతి వంశ చరిత్రకూ చోటివ్వవలసి వస్తుంది. అప్పుడు పెదనందిపాడు గురించి నిజంగా తెలుసుకోవాలని వచ్చిన పాఠకుడికి మనం అన్యాయం చేసినట్టే. తేడా ఉండవలసింది నిర్ణయంలో కాదు, అది చెప్పే తీరులో, ఆ తరువాత చూపే దారిలో. ఆయన రాసిన పదకొండు పేరాల్లో తాతగారి గురించినవి ఆరు. మిగతా ఐదూ ఆ ఊళ్లో ఉద్యమం ఎలా నడిచిందన్న దాని గురించినవి. అప్పటికి మన ఉద్యమ వ్యాసంలో నాయకుల పేర్లు, తేదీలు తప్ప ఊళ్ల సంగతి లేదు. ఆ మనిషి మనకు లేనిదాన్నే పట్టుకొచ్చారు, పెట్టిన చోటు మాత్రమే వేరు. అది చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలేవి.

నిరుడు వేసవిలో, నిర్వాహకుల సాయంతో ఆ తొలగించిన వ్యాసాన్ని ఆయన వాడుకరి పేజీ కిందికి చిత్తుప్రతిగా తిరిగి తెప్పించాను. గుంటూరులో ఒక గ్రంథాలయానికి వెళ్లి, స్వాతంత్ర్య సమరయోధుల వివరాలతో ప్రభుత్వం వెలువరించిన సంపుటాలను రెండు పూటలు తిరగేశాను. ఆయన తాతగారి పేరు, ఊరు, శిక్షాకాలం రెండు పంక్తుల్లో ఉన్నాయి. ఆ రెండు పంక్తుల ఆధారంతో ఉద్యమ వ్యాసంలో ఆ ఊరి పేరు, ఆయన పేరు ఒక వాక్యంలో చేర్చి, పుట సంఖ్యతో మూలం ఇచ్చాను. తరువాత ఆ మనవడి చర్చ పేజీలో, నాలుగేళ్ల కిందట నేను ఇచ్చిన లింకు కిందనే, ఇలా రాశాను:

"ఆ రోజు మీ వ్యాసాన్ని చదవకుండానే నోటీసు పెట్టాను, అందుకు క్షమించండి. 'ప్రాముఖ్యత' అన్న మాటకు ఇక్కడ ఉన్న అర్థం మీ తాతగారి విలువకు సంబంధించినది కాదు, ఆయన గురించి అచ్చులో ఎంత ఉందన్నదానికి సంబంధించినది, ఆ సంగతి అప్పుడే చెప్పవలసింది. మీరు రాసినదంతా మీ చిత్తుప్రతిలో భద్రంగా ఉంది, ప్రభుత్వ సంపుటంలో దొరికిన మేరకు ఉద్యమ వ్యాసంలో ఆయన పేరు చేర్చాను. పశువుల వేలంలో ఎవరూ పాడుకోలేదని మీరు రాసిన సంగతి ఏ పుస్తకంలోనైనా, ఊరి సంచికలోనైనా అచ్చయి ఉంటే దయచేసి చెప్పండి, అది ఈ వ్యాసంలో ఉండాలి."

ఆయన నుంచి సమాధానం ఇంకా రాలేదు. ఆ పేజీ నా వీక్షణ జాబితాలో ఉంది.